బకూలి ఎండబెట్టిన డబ్బాలు

బకూలి ఇంటికి కొత్తగా ఎవరు వెళ్ళినా గడప దగ్గర కాలికి దెబ్బ తగిలించుకోకుండా లోపలికి పోయింది లేదు. తలుపు గాలికి కొట్టుకోకుండా ఆమె అక్కడ ఒక సత్తు ముద్దను అడ్డం పెట్టి ఉంచేది. చిన్న గుమ్మడికాయంత ఉండేది. ఒకవైపు నున్నగా, మరోవైపు అంతా ముళ్ళు. "ఇంత లోహం ఊరికే పారేసుకున్నావేం? కరిగిస్తే రెండు గిన్నెలు వస్తాయి కదే" అని అడిగినవాళ్ళకు ఆమె జవాబు చెప్పేది కాదు. ఆ జవాబు నేనే చెప్పేదాన్ని. "అది ఆమె మొగుణ్ణి మింగింది. దాని పని ఇంకా మిగిలి ఉంది" అని.

నా పేరు రసూవా. అంబాతులాంపిలో గిన్నెలు పోసేవాళ్ళ వీధి చివర అన్నం కొట్టు నాది. నా నోరు మంచిది కాదని వీధి వీధంతా చెప్పుకుంటుంది. చెప్పుకోనివ్వండి. ఉన్నది ఉన్నట్టు అంటే ఊరికి ఉలుకెక్కువ. బకూలి గురించి మాత్రం నాకంటే తెలిసినవాళ్ళు లేరు. ఆమె మా పినతల్లి కూతురు, నా కొట్టులో కూర్చుని ఏడ్చింది ఒక్కసారే, నవ్వింది చాలాసార్లు.

పొట్టి మనిషి. పాదాలు మాత్రం వెడల్పు. మా వీధిలో ఆడవాళ్ళందరికీ అంతే. అచ్చుల కోసం నల్ల మట్టిని తొక్కేది మేమే కదా. మట్టి పదునుకు వచ్చిందో లేదో బకూలి అరికాలు చెప్పేది. మొగుడు నైవు మూస ముందు కూర్చుని లోహం కరిగించేవాడు. రాగం రాకపోయినా పాడేవాడు. "నీ పాటకి లోహం కరగడం లేదు, పారిపోతోంది" అనేది బకూలి. ఆ మాటకు ఇంకా గట్టిగా పాడేవాడు, సచ్చినోడు. వాడు పాడుతుంటే నా కొట్టుకు బేరం కూడా పెరిగేది, ఆ సంగతి నేను ఎప్పుడూ వాడికి చెప్పలేదు.

నైవు దగ్గర ఒక పద్ధతి ఉండేది. మా వీధిలో అందరూ ఖాళీ బీరు డబ్బాలు, కూల్‌డ్రింకు డబ్బాలు విడివిడిగా మూసలో పారేస్తారు. ఆ డబ్బా రేకు కాగితమంత పలచన. నిప్పు తగలగానే సగం కాలి చిట్టెం అయిపోతుంది. అది కరిగేలోపు బస్తాలకు బస్తాలు బొగ్గు తినేస్తుంది. పొగకి వీధిలో మనిషికి మనిషి కనిపించడు. నైవు అలా చెయ్యలేదు. ముందు పాత ఇంజను ముక్కలు రెండు వేసి మూస అడుగున లోహం మడుగు చేసేవాడు. డబ్బాలను కాలితో అణచి ఇటుకల్లా చేసి, ఇనప చువ్వతో ఆ మడుగులోకి ముంచేసేవాడు. పైన మూత పెట్టేవాడు. కాలిపోయేది తక్కువ, మిగిలేది ఎక్కువ, పొగ సగానికి సగం పోయింది.

ఆ రోజుల్లోనే పానీయాల కంపెనీ నుంచి హయింగు అనే అమ్మాయి వచ్చింది. సీసాలు మాని డబ్బాలు మొదలుపెట్టాక, ఆ డబ్బాల వల్ల ఎంత పొగ లోకంలోకి పోతోందో లెక్కేసి తగ్గించే ఉద్యోగం ఆమెది. నైవు పక్కన పీట వేసుకుని పొద్దంతా కూర్చుంది.

"మట్టి తవ్వి కొత్త లోహం చెయ్యడానికి అయ్యే మంటలో ఇరవయ్యో వంతు చాలన్నా, పాత డబ్బా కరగడానికి. ఆ డబ్బాని గుంటలో పారేస్తే అంత మంటా దండగే" అంది.

"ఇరవయ్యో వంతో ముప్పయ్యో వంతో నాకు తెలీదు తల్లీ. బొగ్గు కోసం మా ఆవిడ నన్ను తిట్టే తిట్లు మాత్రం సగమయ్యాయి" అన్నాడు నైవు.

"ఆ సగం దాచి ఉంచాను, పండక్కి ఇస్తా" అంది మట్టి తొక్కుతూనే బకూలి. ఆ పిల్ల నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంది.

ఇక నైవు అన్న రత్సింబా. వాడి పేరు తలచుకుంటే నాకు ఇప్పటికీ నోరు చేదవుతుంది. ఊళ్ళోకి వచ్చే తుక్కంతా వాడి దొడ్లోకే. బార్ల నుంచి, హైవే మీద ఆగే బస్సుల నుంచి, విందుల నుంచి డబ్బాలు ఏరించి, కట్టలు కట్టించి, వీధిలో అందరికీ తూకానికి అమ్మేవాడు. ఇంటికి పెద్ద, సభలో కబారి, అదే పెద్దలు చేసే ప్రసంగం, చెప్పడానికి లేచాడంటే నోట్లోంచి తేనె కారేది. కబారిలో సామెత మీద సామెత పేర్చి మాట్లాడే మనిషికి మా దగ్గర ఎంత విలువో మీకేం చెప్పను. చేతులు ఎంత మురికివైనా ఎవరూ చూడరు.

వాడు డబ్బాలను వరి మడి కాలవలో నానబెట్టి కూలివాళ్ళతో కట్టలు కట్టించేవాడు. బరువు పెరగడానికి. అందరికీ తెలుసు. మిగతావాళ్ళు విడి డబ్బాలు పైనుంచి వేసేవాళ్ళు కాబట్టి నీళ్ళు సుయ్యిమని ఆవిరై పోయేవి, వీళ్ళు నాలుగు తిట్లు తిట్టుకుని ఊరుకునేవాళ్ళు. కానీ నైవు పద్ధతి వేరు కదా. మడుగు అడుక్కి ముంచే ఇటుకలో నీటి చుక్క ఉంటే అది బయటికి రాలేదు. పేలుతుంది. అందుకే నైవు ప్రతి కట్టా విప్పి, ఎండబెట్టి, తానే అణచుకునేవాడు.

ఒక్క రోజు విప్పలేదు.

ఆ రోజు రత్సింబా తానే అణచిన కట్ట, తాడుతో బిగించి, తానే మోసుకుని తెచ్చాడు. "నీకు శ్రమ ఎందుకని నేనే అణిచాను తమ్ముడూ. పొడిగా ఉంది. నీ దగ్గర మోసం చేస్తానా?" అన్నాడు. మాలో పెద్దవాడు ముడి వేసి ఇచ్చిన మూటని చిన్నవాడు విప్పి చూడడు. చూస్తే నీ మాట నమ్మలేదని మొహం మీద చెప్పినట్టే. నైవు తాడు మాత్రం కోసి, అణచిన కట్టను విడదీయకుండా అలాగే మడుగులోకి దింపాడు.

నేను కొట్టులో అరటికాయ బజ్జీలు వేస్తున్నాను. ఆ చప్పుడుకు నా బాణలి పొయ్యి మీద నుంచి దిగిపోయింది. పరుగెత్తి వెళ్ళేసరికి పైకప్పు రేకుకు చిల్లు, గోడల నిండా తెల్లగా లోహం చిందులు. నైవు గురించి ఎక్కువ చెప్పను. ఆసుపత్రి దాకా పోలేదు. ఆ గోడ మూల చింది గడ్డకట్టిన ముద్దే తరవాత బకూలి గడపలో పెట్టుకున్నది.

చావు కంటే ఘోరం ఆ మర్నాడు జరిగింది. ఇంటి సమాధిలో తమ్ముడికి చోటు ఇవ్వనని రత్సింబా సభలో లేచి కబారి చెప్పాడు.

"పెద్దలు నేర్పిన పద్ధతి వదిలి సొంత తెలివికి పోయినవాణ్ణి నిప్పు పట్టుకుంది. నిప్పు పట్టుకున్నవాణ్ణి పెద్దల మధ్య పడుకోబెడితే ఆ నిప్పు మన ఇళ్ళకి కూడా వస్తుంది. నా గుండె రాయి చేసుకుని చెబుతున్నాను" అన్నాడు. కళ్ళనీళ్ళు కూడా పెట్టుకున్నాడు. దొంగ ఏడుపులో వాడిని మించినవాడు లేడు.

మాకు బతికే ఇల్లు మట్టిదైనా ఫరవాలేదు, పడుకునే సమాధి రాతిది కావాలి. తాతలు, తండ్రుల మధ్య చోటు లేనివాడు చచ్చినా చచ్చినట్టు కాదు, గాలికి తిరుగుతూ ఉంటాడు. ఆ సభలో అందరికీ తెలుసు కట్ట ఎవరిదో. ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు నోరెత్తలేదు. రేపు లోహం కావాలి కదా! కుక్కిన పేనుల్లా కూర్చున్నారు. నైవును రైలు కట్ట పక్కన యూకలిప్టస్ చెట్ల కింద ఒంటరిగా పూడ్చారు.

అక్కడి నుంచి బకూలి నేరుగా నా కొట్టుకు వచ్చింది. మట్టి చేతులు కడుక్కుని, అన్నం, చిక్కుడు గింజలు, పంది మాంసం పెట్టమంది. నా ముందే ఏడుస్తూ పళ్ళెం ఖాళీ చేసింది. ఇంకా పెట్టమంది.

"ఏమే, ఇవాళ ఇంత ఎలా దిగుతోందే నీకు?" అన్నాను.

"బలం కావాలక్కా. చాలా ఏళ్ళ పని ఉంది."

"చంపుతావా వాణ్ణి?" నా గొంతులో భయం లేదు. కత్తి కావాలంటే నాదే ఇచ్చేదాన్ని.

"చంపితే ఏమవుతుంది? వెళ్ళి మామగారి పక్కన సుఖంగా పడుకుంటాడు. వాడికంత మేలు నేనెందుకు చేస్తానక్కా?" అంది. అన్నం గిన్నె అడుగు మాడులో కాచిన మాడునీళ్ళు తాగి, మూతి తుడుచుకుని వెళ్ళిపోయింది. మళ్ళీ ఏడవడం నేను చూడలేదు.

ముందు మొగుడి మూస ముందు తానే కూర్చుంది. ఆడది లోహం పోయడమేమిటని వీధి ముక్కు మీద వేలేసుకుంది. మిగిలి ఉన్న తుక్కంతా కరిగించి పెద్ద పెద్ద గుండిగలు పోసింది. ఒక్కో దానిలో ఎద్దు కూర్చోవచ్చు. "ఇవి ఎవరు కొంటారే?" అన్నాను. "అమ్మడానికి కాదు" అంది.

మా చలికాలమంతా పెద్దల బట్టమార్పులే కదా. సమాధి తెరిచి, పోయినవాళ్ళను బయటికి తెచ్చి, కొత్త పట్టు బట్ట చుట్టి, భుజాల మీద పెట్టుకుని ఆడించి, మళ్ళీ పడుకోబెట్టే పండగ. ఏ ఇంట్లో జరిగినా ఊళ్ళకు ఊళ్ళే భోజనానికి దిగుతాయి. నూనె కారే పంది మాంసం, గుట్టలుగా అన్నం. దానికి గుండిగలు ఎక్కడివి? బకూలి ఇచ్చేది. అద్దె లేదు. ఒకటే షరతు. విందులో తాగిన ప్రతి డబ్బా తనది. ఇంకొకరి చెయ్యి పడకూడదు.

ఉచితమంటే ఎవరు కాదంటారు? విందు విందుకీ వెళ్ళింది. సంచులతో డబ్బాలు మోసుకొచ్చి, ఊరి వెనక పెద్ద బండ మీద, బట్టలూ వడ్లూ ఆరేసుకునే చోట, మూతులు కిందికి పెట్టి బోర్లించేది. ఎండకు బండ అంతా మెరిసేది. సాయంత్రం ఒక్కొక్క డబ్బానూ చెవి దగ్గర పెట్టి ఆడించేది. లోపల చుక్క కదిలిన చప్పుడు వినిపించిందా, అది మర్నాటి ఎండకే. అణచడం తరవాత.

పోతపోసేవాళ్ళకు ఇటుకలు అమ్మేటప్పుడు తాడు కట్టేది కాదు. "విప్పి చూసుకోండి, విరిచి చూసుకోండి. నేనెవరికీ పెద్దదాన్ని కాదు, విప్పి చూస్తే మర్యాద తప్పినట్టు కాదు" అనేది. మొదట్లో ఒకడు వచ్చాడు, రత్సింబా చూడకుండా గోనె కప్పుకుని. నైవు పద్ధతిలో ముంచి మూత పెట్టి కరిగించాడు. బొగ్గు మిగిలింది, కంటికి పొగ తగ్గింది. వాడు రెండోసారి గోనె లేకుండా వచ్చాడు. తరవాత వాడి బావమరిది. తరవాత వీధి.

ఒకరోజు నా కొట్టు నిండుగా ఉన్నప్పుడు రత్సింబా వచ్చాడు. బకూలి మూలన తింటోంది.

"ఏం మరదలా, ఊళ్ళో ఎంగిలి డబ్బాలన్నీ ఏరుకుంటున్నావట! మా ఇంటి పరువు ఇలా బండ మీద ఆరేస్తున్నావేం?" అన్నాడు అందరికీ వినపడేలా.

"ఎంగిలివే బావగారూ. కానీ తడి లేదు" అంది తల ఎత్తకుండా.

పళ్ళేల్లో మొహాలు పెట్టుకుని నవ్వారు జనం. నేను మాత్రం పళ్ళెం అడ్డం పెట్టుకోలేదు. వాడు తేలు కుట్టిన దొంగలా లేచి, చేతిలో మాడునీళ్ళ గిన్నె అలాగే వదిలేసి పోయాడు. ఆ గిన్నె కూడా బకూలి పోసిందే!

హయింగు మళ్ళీ వచ్చింది. నైవు సంగతి వింది. కంపెనీ డబ్బాలు మట్టితో, నీళ్ళతో కలిసి ఓడెక్కి దూరదేశం పోయి కరిగే కన్నా ఇక్కడే పొడిగా, తక్కువ బొగ్గుతో కరిగితే పొగ తక్కువని ఆమె పైవాళ్ళకు చెప్పింది. బార్లలో ఖాళీ డబ్బాలు కూడా బకూలికే పోయే ఏర్పాటు చేసింది. రత్సింబా దొడ్లో గడ్డి మొలిచింది. కోళ్ళు గుడ్లు పెట్టుకుంటున్నాయి. రోజూ అటు వైపు నుంచే నీళ్ళకు పోయేదాన్ని, దూరమైనా సరే, ఆ గడ్డి చూసి కళ్ళు చల్లబరచుకోవడానికి.

"ఇంకేం, వాడి నడుం విరిగింది. ఇక చాల్లేవే" అన్నాను ఒకరోజు.

"నైవు ఇంకా రైలు కట్ట పక్కనే ఉన్నాడక్కా" అంది.

ఆ ఏడు చలికాలం రత్సింబా తండ్రి బట్టమార్పు వచ్చింది. జ్యోతిష్కుడు ముహూర్తం పెట్టాడు. పోయిన పరువు ఈ విందుతో తెచ్చుకుందామని రత్సింబా చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ పిలుపు పంపాడు. ఎద్దుల్ని అమ్మి పందుల్ని కొన్నాడు. వాద్యాలవాళ్ళకు మాట ఇచ్చాడు. అన్నీ అయ్యాక గుండిగల సంగతి గుర్తొచ్చింది మహానుభావుడికి.

పోతపోసేవాళ్ళను అడిగాడు. ఒకడికి మట్టి పదును రాలేదట. ఒకడికి నడుము నొప్పట. ఇంకొకడు, "లోహం లేదు పెద్దయ్యా, తడిసిన కట్ట ఒకటుంది, దాంతో పొయ్యమంటారా?" అన్నాడు. ఆ మాట అన్నవాడికి నేను వారం రోజులు ఊరికే అన్నం పెట్టాను. ముహూర్తం దాటితే పెద్దలకు కోపం. చిన్న గిన్నెల్లో వండితే జనం సగం ఆకలితో పోయి, జీవితాంతం చెప్పుకుంటారు. ముందు పెళ్ళాన్ని పంపాడు. బకూలి ఆవిడకు కాఫీ ఇచ్చి పంపేసింది. అప్పుడు తానే వచ్చాడు. గడప దగ్గర ఆ ముద్ద కాలికి కొట్టుకుని అమ్మా అన్నాడు. నేను లోపలే ఉన్నాను, నా అదృష్టం. ఇద్దరు వీధి పెద్దల్ని కూడా వెంట తెచ్చుకున్నాడు, వాళ్ళ మొహం చూసైనా ఒప్పుకుంటుందని.

"గుండిగలు కావాలి మరదలా."

"నా మొగుడికి చోటు కావాలి బావగారూ."

వాడు దెబ్బ తగిలిన వేలు రుద్దుకున్నాడు. "సరే. అందరూ మనవాళ్ళే కదా. పెద్దలు క్షమిస్తారు."

"పెద్దలు ఆయన్నెప్పుడూ ఏమీ అనలేదు. అన్నది మీరు. రెండు మాటలు చెబుతాను, ఈ పెద్దమనుషులు వినాలి. మీ కబారిలో ఆయన ఎలా పోయాడో చెప్పాలి. రెండోది, ఆయన్ని లోపలికి తీసుకెళ్ళేది నేను. నేనెక్కడ పడుకోబెడితే అక్కడే ఉండాలి. మీరు కదపకూడదు."

రెండో మాటకు వాడు నవ్వేశాడు. "ఎక్కడైనా పడుకోబెట్టుకో తల్లీ. లోపల చోటుకేం కొదవ!"

"విన్నారుగా" అంది బకూలి పెద్దమనుషులతో. వాళ్ళు తల ఊపారు.

వాడు వెళ్ళాక నేను ఊరుకోలేదు. "ఇన్నేళ్ళు కడుపులో మంట పెట్టుకుని, ఇంతకేనటే ఒప్పుకున్నావు? కబారిలో వాడు నిజం చెబుతాడా? పాము పాలు పోస్తుందా?" అని అరిచాను. బకూలి ఒక డబ్బాను చెవి దగ్గర పెట్టుకుని ఆడిస్తూ కూర్చుంది.

ముహూర్తం నాడు రైలు కట్ట దగ్గర నైవును తీశాం. బకూలి తన చేత్తో పట్టు బట్ట చుట్టింది. "చలేసిందా? ఇంక అయిపోయింది, పద ఇంటికి" అని మామూలుగా, పని నుంచి ఆలస్యంగా వచ్చినవాడితో మాట్లాడినట్టు మాట్లాడింది. భుజాల మీదకెత్తుకున్నాం. బూరాలు, డోళ్ళు. నేనూ ఆడాను, నా మోకాళ్ళ సంగతి తరవాత చూసుకుందామని. నైవు బతికుంటే ఆ బూరాలకు అడ్డంగా గొంతు కలిపేవాడు.

సమాధి ముందు రత్సింబా కబారి మొదలెట్టాడు. ఆకాశానికి క్షమాపణ, భూమికి క్షమాపణ, పెద్దలకు, పిన్నలకు. సామెతలు ఒకదాని వెనక ఒకటి. తమ్ముడి పేరు వచ్చేసరికి జనం చెవులు రిక్కించారు. "నిప్పుకీ నీటికీ పడదు. వాటి మధ్య మనిషి నలిగిపోతాడు. ఎవరి కర్మ వారిది. తమ్ముణ్ణి క్షమించి లోపలికి పిలుస్తున్నాను" అన్నాడు. ఆకుకు అందకుండా, పోకకు పొందకుండా. క్షమించాడట! జనం ఆహా అన్నారు. నా చేతిలో అన్నం కలిపే పెద్ద గరిటె ఉంది. విసరబోయాను. బకూలి నా మణికట్టు పట్టుకుంది.

"అక్కా, గుండిగ అడుగంటుతోంది చూడు" అంది.

చూశాను, తిట్టుకుంటూ. నేను మంట తగ్గించి వచ్చేసరికి కొత్త బట్ట చుట్టిన మామగారిని లోపల పడుకోబెట్టేశారు, ఆమె నైవును మోసే నలుగురితో సమాధి మెట్లు దిగుతోంది. చంకలో గుడ్డ కట్టిన మూట ఒకటి. పోయినవాళ్ళతో ఏవో ఇష్టమైన వస్తువులు పెట్టడం మామూలే, పొగాకో, గిన్నో. ఎవరూ పట్టించుకోలేదు. రత్సింబా అప్పటికి జనం పొగడ్తలు అందుకుంటున్నాడు. కాసేపటికి ఆమె ఒట్టి చేతులతో పైకొచ్చింది. చేతులు దులుపుకుని, "మూసెయ్యండి" అంది. రాతి తలుపు మూసి, ఎర్ర మట్టితో అంచులు మెత్తారు.

భోజనాలకు కూర్చున్నారు. రత్సింబా అందరికంటే ముందు, తండ్రి ఇంటి పెద్దగా. బకూలి గుండిగలోని మాంసం, బకూలి గుండిగలోని అన్నం. బాగా తిన్నాడు. ఇంకా వడ్డించమన్నాడు. అప్పుడు, నవ్వుతూ, "ఇంతకీ ఎక్కడ పడుకోబెట్టావు మరదలా?" అన్నాడు.

"మామగారి పక్కన. తూర్పు వైపు పై అరలో."

నోటి దాకా వచ్చిన చెంచా ఆగిపోయింది. ఆ అర ఎవరిదో ఊరంతటికీ తెలుసు. పెద్దకొడుకుది. పోయిన బట్టమార్పుకు వాడే దాన్ని ఊడ్పించి, కొత్త చాప పరిపించి, "నేను పడుకునేది ఇక్కడే" అని వచ్చిన చుట్టాలందరికీ చూపించాడు.

"అది నాది!"

"ఎక్కడైనా పడుకోబెట్టుకోమన్నది మీరే బావగారూ. అడగండి." ఇద్దరు పెద్దమనుషులూ అన్నం వైపు చూస్తూ తల ఊపారు.

"తలుపు తీయండి!" లేచి నిలబడ్డాడు రత్సింబా. పళ్ళెం బోర్లాపడింది.

అందరికంటే ముసలాయన, రత్సింబాకు మేనమామ, నిదానంగా నమిలి మింగి అన్నాడు. "మూసిన తలుపు తీసేది కొత్తగా చచ్చినవాడికేరా. పడుకున్నవాణ్ణి కదపాలంటే మళ్ళీ బట్టమార్పు రావాల్సిందే. నువ్విప్పుడు చస్తానంటే చెప్పు, తీస్తాం."

జనం నవ్వు ఆపుకోలేకపోయారు. అప్పుడు వాడి మొహం చూడాలి మీరు. సామెతలన్నీ ఎక్కడికి పోయాయో. "ఒక్క కట్ట తడిగా ఇచ్చినందుకు, ఒక్క తడి కట్టకు, ఇంత పగా నీకు? వాడు విప్పి చూసుకోవాల్సింది!" అని అరిచాడు.

బూరాలవాడు కూడా ఊదడం ఆపేశాడు. అన్నేళ్ళూ తెలిసి కూడా తెలియనట్టు ఉన్న ఊరు, ఆ నోటి నుంచే ఆ మాట విన్నది. వాడికి కూడా తానేమన్నాడో కాస్త ఆలస్యంగా తెలిసింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు, మాట బయటపడ్డాక.

"ఇప్పుడయింది బావగారూ మీ కబారి. చక్కగా చెప్పారు" అంది బకూలి.

"మరి నేనెక్కడ పడుకోవాలే?" అన్నాడు రత్సింబా.

"కింది అరలో. సరిగ్గా నా మొగుడి కాళ్ళ కింద. ఒట్టి రాయి మీద పడుకుంటారని తలగడ కూడా పెట్టొచ్చాను. కాస్త ముళ్ళు గుచ్చుకుంటాయి, సర్దుకోండి."

నాకు అప్పుడు అర్థమైంది ఆ మూటలో ఏముందో. ఆ సాయంత్రం బకూలి ఇంటికి వెళ్తే తలుపు గాలికి టపటపా కొట్టుకుంటోంది. గడప దగ్గర ఏమీ లేదు. ఆమె దానికి ఒక కర్రముక్క అడ్డం పెట్టి, అన్నం పొయ్యి మీద పెట్టింది. వాడి మీద జాలి పడాలా అని మా కోడలు నన్ను అడిగింది. పడమన్నాను, ఖర్చు లేని పని. నేను మాత్రం పడలేదు.

రత్సింబా ఇంకా బతికే ఉన్నాడు. ముసలివాడయ్యాడు, పళ్ళు పోయాయి, అయినా చావడానికి ధైర్యం చాలడం లేదు. కాస్త జ్వరం వస్తే చాలు, ఎన్ని కషాయాలున్నాయో అన్నీ తాగుతాడు. తరవాతి బట్టమార్పు తొందరగా పెట్టిస్తే తమ్ముణ్ణి కిందికి దింపించుకోవచ్చని ఆశ. కానీ ఊరికి వండి పెట్టే గుండిగలు ఎవరివి? మొన్న కూడా జ్వరంలో కోడల్ని పంపాడు. బకూలి బండ మీద కూర్చుని డబ్బాలు బోర్లిస్తోంది. జుట్టు నెరిసినా పాదాలు అలాగే వెడల్పు.

"మామయ్య అడగమన్నాడత్తా, గుండిగలు ఎప్పుడిస్తావని" అంది ఆ పిల్ల.

బకూలి ఒక డబ్బాను చెవి దగ్గర పెట్టుకుని ఆడించింది. నాకు ఏ చప్పుడూ వినిపించలేదు. ఆమె మాత్రం దాన్ని మళ్ళీ ఎండలో బోర్లించింది.

"ఇంకా తడి ఆరలేదని చెప్పమ్మా" అంది.